పదహారు కోట్ల గోల్‌కీపర్

ఆ వేసవిలో జిల్లా ఫుట్‌బాల్ సంఘం ఒక నియమం తెచ్చింది. జూన్ నెలాఖరుకు ఏ క్లబ్బు పద్దుల్లో నష్టం కనబడినా దాన్ని మొదటి డివిజన్ నుంచి రెండో డివిజన్‌కు దించేస్తారు. ఇటలీ దేశంలో పెద్ద పెద్ద క్లబ్బులకు సైతం ఇలాంటి క్రమశిక్షణే ఉందనీ, అక్కడి ఫుట్‌బాల్ అంత బాగా సాగడానికి కారణం అదేననీ సంఘం కార్యదర్శి సర్క్యులర్‌లో రాశాడు. ఆ క్లబ్బుల్లో చాలావాటికి మెడలోతు అప్పులున్న సంగతి మాత్రం రాయలేదు. బహుశా కాగితంలో చోటు చాలలేదు.

ఎర్రమెట్ట జంక్షన్ క్లబ్బువాళ్లు ఆ సర్క్యులర్ చదివి దిగులుపడిపోయారు. క్లబ్బుకు గ్రౌండు లైట్ల కరెంటు బిల్లు బాకీ. బంతులు అమ్మిన షాపుకు బాకీ. ఇస్త్రీ షాపువాడు జెర్సీల మూట ఇవ్వనంటే, పోయిన సీజన్ చివరి మ్యాచ్‌ను ఆటగాళ్లు పెళ్లిబట్టల్లో మిగిలిన తెల్లచొక్కాలతో ఆడారు. ఎదుటి జట్టు కూడా తెల్లచొక్కాలే వేసుకు రావడంతో ఆ రోజు ఎవరు ఎవరికి బంతి ఇచ్చారో రిఫరీకి కూడా అర్థం కాలేదు.

క్లబ్బు ప్రెసిడెంటు విరూపాక్షప్పకు ఊళ్లో కల్యాణమంటపం ఉంది. మనిషి మంచివాడే. ఫుట్‌బాల్ అంటే ప్రాణం, ఆఫ్‌సైడ్ అంటే మాత్రం ఇప్పటికీ తెలియదు. ఆయన కల్యాణమంటపంలోనే అత్యవసర సమావేశం పెట్టి, ఇటలీ నుంచి కొత్తగా వచ్చిన సుధీంద్రరావును ప్రత్యేకంగా పిలిపించాడు.

సుధీంద్రరావు మా ఊరి పాత స్టేషన్ మాస్టరు కొడుకు. మిలాన్‌లో క్రీడల నిర్వహణ చదివి, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు లెక్కల విభాగంలో ఏడాది పనిచేసి వచ్చాడు. ఏ క్లబ్బని అడిగితే, వ్యవహారం కోర్టులో ఉంది గనక పేరు చెప్పకూడదన్నాడు. దాంతో సభ్యులకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

"మన సమస్య డబ్బు లేకపోవడం కాదు. మన ఆటగాళ్ల విలువను మనం గుర్తించకపోవడం. ఇటలీలో వేసవి రాగానే క్లబ్బులు ఒకరి ఆటగాళ్లను ఒకరు మార్చుకుంటాయి. దాంతో పద్దులో పుట్టే లాభాన్ని అక్కడ ప్లుస్వలెంజా అంటారు" అన్నాడు సుధీంద్రరావు.

సభ్యులు ఆ మాటను పలకడానికి కాసేపు కష్టపడ్డారు. ఊళ్లోకి వచ్చేసరికి అది 'పులుసు లెక్క' అయింది. ఆ పేరే నిలబడిపోయింది.

"ఉదాహరణకు, మన గోల్‌కీపర్ని పాతూరు క్లబ్బుకు రెండు కోట్లకు అమ్ముతాం. వాళ్ల గోల్‌కీపర్ని రెండు కోట్లకు కొంటాం."

"రెండు కోట్లు ఎవురిస్తారప్పా?" అన్నాడు విరూపాక్షప్ప.

"వాళ్లు మనకివ్వాలి. మనం వాళ్లకివ్వాలి. చెల్లుకు చెల్లు. ఎవరూ ఎవరికీ ఇవ్వరు."

"మరి లాభం యాడిది?"

"అమ్మగా వచ్చిన రెండు కోట్లు ఈ ఏటి ఆదాయం. కొన్న రెండు కోట్లు ఖర్చు కాదు సార్, ఆస్తి. దాని ఖరీదును ఐదేళ్లకు పంచి, ఏటా కొంచెం కొంచెం రాసుకుంటాం. కాబట్టి ఈ ఏడాది మనది లాభాల క్లబ్బు. పాతూరువాళ్లదీ లాభాల క్లబ్బే."

"వచ్చే ఏడాదో?"

"మళ్లీ అమ్ముతాం. ఇంకా ఎక్కువకు."

వెనక వరసలోంచి ఒక సభ్యుడు లేచి, మన గోల్‌కీపర్ వన్నూరప్పకు రెండు కోట్లెందుకని అడిగాడు. సుధీంద్రరావు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఎందుకు కాకూడదు?" అన్నాడు. విరూపాక్షప్ప అందుకుని, "అట్లయితే నాలుక్కోట్లకే అమ్ముదాం. రెండుతో సరిపెట్టుకునేదెందుకు?" అన్నాడు. మొదటి సంవత్సరం సంయమనం పాటించడం అంతర్జాతీయ సంప్రదాయమని సుధీంద్రరావు వివరించాడు. తీర్మానం ఏకగ్రీవమైంది.

అమ్ముడుపోబోతున్న వన్నూరప్ప ఆ సమయానికి రైల్వే స్టేషన్ ఎదుట బండి దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. బండి అతని భార్య తిప్పమ్మది. బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పొద్దున రెండు ప్యాసింజర్లు వచ్చిపోయే వేళకు బాండలి ఖాళీ అవుతుంది. వన్నూరప్పకు ముప్పై ఆరేళ్లు. కుడి మోకాలు చలికాలంలో పట్టేస్తుంది. అయినా గోల్ ముందు నిలబడితే చేతులు రెండింతలు పొడుగవుతాయని ఊళ్లో చెప్పుకుంటారు. పదిహేడేళ్లప్పటి నుంచి ఆదివారం తప్పకుండా అతను చేసింది ఆ ఒక్క పనే. భర్త ఆటను తిప్పమ్మ ఒక్కసారీ చూడలేదు. ఆదివారం సాయంత్రం బండికి గిరాకీ ఎక్కువ.

ప్రెసిడెంటు స్వయంగా వచ్చి సంగతి చెప్పి వెళ్లాడు. తిప్పమ్మ జల్లిగరిటె పక్కన పెట్టింది.

"రెండు కోట్లా? నిన్నా?"

"అంటాండారు."

"యాడుండాయి?"

"పద్దు పుస్తకంలో ఉండాయంట."

"మనకేమొస్తుంది?"

"శాలువా కప్పుతారంట."

తిప్పమ్మ మళ్లీ జల్లిగరిటె అందుకుంది.

కొనుగోలు వేడుక కల్యాణమంటపంలో ఘనంగా జరిగింది. పాతూరు క్లబ్బు ప్రెసిడెంటు జిలానీ సాహెబు, విరూపాక్షప్ప వేదిక మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఫోటోగ్రాఫరు చాలనేదాకా ఊపారు. వన్నూరప్పా, పాతూరు గోల్‌కీపరు తిక్కస్వామీ జెర్సీలు మార్చుకున్నారు. తిక్కస్వామి బక్కమనిషి కావడంతో వన్నూరప్ప బొడ్డు జనానికి కనబడింది. మర్నాడు జిల్లా పేజీలో 'ఎర్రమెట్టలో సంచలన బదిలీ' అని పడింది. వేడుక అయ్యాక ఇద్దరూ తిక్కస్వామి మోపెడ్ మీద కలిసే ఇంటికి పోయారు. వాళ్లవి పక్కపక్క సందులు.

జూన్ నెలాఖరుకు రెండు క్లబ్బులూ లాభాల్లోకి వచ్చాయి. సంఘం కార్యదర్శి ఇద్దరు ప్రెసిడెంట్లకూ జ్ఞాపికలిచ్చాడు. ఆ జ్ఞాపికల బిల్లు ఇంకా బాకీ.

జులైలో తిప్పమ్మ రేషన్ కార్డు రద్దయింది. మొగుడూ పెళ్లాం ఊరి సచివాలయానికి వెళ్లారు. అక్కడి ఉద్యోగి కంప్యూటర్లో చూసి, "మీ ఇంట్లో రెండు కోట్ల ఆస్తి ఉన్నట్టు పేపరు ప్రకటన ఆధారంగా నమోదైందమ్మా" అన్నాడు.

"ఆస్తి యాడుంది సార్? రేకుల కొట్టం మాది."

"మీ పక్కనే నిలబడి ఉన్నాడు కదమ్మా."

తిప్పమ్మ పక్కకు తిరిగి చూసింది. వన్నూరప్ప తల దించుకున్నాడు.

"ఇది ఆ క్లబ్బోళ్ల ఆస్తి సార్, నాది కాదు" అందామె.

"మరి రాత్రిళ్లు ఎక్కడుంటుంది?"

"మా ఇంట్లోనే."

"చూశారా. స్వాధీనంలో ఉన్న ఆస్తి కిందికి వస్తుంది" అని అతను దయగా చెప్పాడు. కావాలంటే అప్పీలు చేసుకోవచ్చన్నాడు. అప్పీలు వినే అధికారి పోస్టు ఖాళీగా ఉంది.

బియ్యం కొనుక్కోవలసి వచ్చినందుకు వన్నూరప్ప అంత బాధపడలేదు. అసలు దెబ్బ కొత్త సీజన్ మొదటి ఆదివారం తగిలింది. పాతూరు జట్టు చొక్కా వేసుకుని, చేతి తొడుగులు బిగించుకుని గోల్ వైపు నడుస్తుంటే జిలానీ సాహెబు పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"యాటికి పోతాండావు వన్నూరూ?"

"గోల్‌లోకి సాహెబూ."

"బుద్ధుండాదా? రెండు కోట్లు నువ్వు! బాలు తగిలి వేలు ఇరిగిందనుకో, పద్దులో నేనేమని రాసుకోవల్ల?"

గోల్ వెనక ఒక కుర్చీ, దానికి ఒక గొడుగు ఏర్పాటు చేశారు. వన్నూరప్ప అందులో కూర్చున్నాడు. ఇంకా ఎవరూ వెలకట్టని ఒక మెకానిక్‌ను గోల్‌లో నిలబెట్టారు. అవతలి గోల్ వెనక అలాంటి గొడుగు కిందే తిక్కస్వామి కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకరినొకరు చూసుకుంటూ ఆ పూట గడిపారు. రెండు జట్లూ కలిపి పందొమ్మిది గోల్స్ వేశాయి. జనం చాలా ఆనందించారు.

రెండో వేసవికి పులుసు లెక్క జిల్లా అంతా పాకింది. ప్రతి క్లబ్బూ ప్రతి ఆటగాణ్నీ అమ్మింది, కొన్నది. వన్నూరప్ప నాలుగు కోట్లకు జంక్షన్ క్లబ్బుకు తిరిగి వచ్చాడు. మూడో వేసవిలో ఎనిమిది కోట్లకు పాతూరు వెళ్లాడు. నాలుగో వేసవిలో పదహారు కోట్లకు మళ్లీ జంక్షన్‌కు వచ్చాడు. ఇన్ని బదిలీల్లో అతను తిక్కస్వామి మోపెడ్ దిగిందే లేదు. రేటు పెరిగినప్పుడల్లా కుర్చీ మారింది. పదహారు కోట్లకు దిండు వేసిన కుర్చీ వచ్చింది.

ఈలోగా ఒక చిక్కు వచ్చిపడింది. అందరికీ వెల కట్టేసరికి ఆడటానికి ఎవరూ మిగల్లేదు. మెకానిక్ కూడా తొంభై లక్షలు పలికి కుర్చీలో కూర్చున్నాడు. జిల్లా సంఘం దీన్ని తీవ్రంగా పరిశీలించి 'క్రీడా ఆస్తుల పరిరక్షణ మార్గదర్శకాలు' విడుదల చేసింది. బంతికీ ఆటగాడికీ మధ్య ప్రత్యక్ష సంపర్కమే విలువ తరుగుదలకు ప్రధాన కారణమని నిపుణులు తేల్చినందున, ఇకపై మ్యాచ్‌లను పద్దుల ప్రాతిపదికన నిర్వహిస్తారని అందులో ఉంది.

అప్పటి నుంచి ఆదివారాలు మైదానం మధ్యలో రెండు బల్లలు వేసేవారు. ఒకదాని దగ్గర జంక్షన్ ఆడిటరు, రెండోదాని దగ్గర పాతూరు ఆడిటరు. రిఫరీ ఈల వేయగానే ఆస్తులు చదవడం మొదలు. పెద్ద అంకె వచ్చినప్పుడు ఒక వైపు జనం టపాకాయలు కాల్చేవారు. 'తరుగు' అనే మాట వినబడగానే రెండో వైపు నుంచి ఈలలు, కేకలు. విరామంలో ఆడిటర్లకు నిమ్మకాయ నీళ్లు ఇచ్చేవారు. ఒకసారి పాతూరు ఆడిటరు ఒకే ఆటగాణ్ని రెండుసార్లు కూడితే రిఫరీ ఎర్రకార్డు చూపి బయటికి పంపాడు. ఆ నిర్ణయం గురించి ఊళ్లో వారం పాటు కొట్లాటలు జరిగాయి. చదువుకున్నవాళ్లు కూడా ఆట ప్రమాణాలు పెరిగాయని ఒప్పుకున్నారు.

వన్నూరప్ప దిండు కుర్చీలో కూర్చుని ఇదంతా వినేవాడు. అతనికి నలభై వచ్చాయి. నాలుగేళ్లుగా బంతి ముట్టుకోలేదు. ఇంట్లో తిప్పమ్మ ఉల్లిగడ్డ విసిరితే పట్టుకునేటప్పుడు మాత్రం ఒళ్లు ఒక్క క్షణం పాత ఒళ్లయ్యేది.

"ఏమయ్యా, అట్ల దిగాలుగా ఉంటావు. కుర్చీలో కూకునేదానికి కూడా కష్టమేనా?" అందామె ఒకనాడు.

"కూకోలేకనే తిప్పమ్మా. ఆడనియ్యకుండా మెచ్చుకుంటాండారు. తిట్టినా బాగుండు."

తిప్పమ్మ కొంతసేపు అతని చేతుల వైపు చూసింది. "లోకోషెడ్డు ఎనకాల పొద్దున్నే రైల్వేవోళ్లు ఆడుకుంటాండారు. పోయి రారాదా? వాళ్లకు పద్దులు ల్యావు కదా" అంది.

మర్నాడు తెల్లారేసరికి వన్నూరప్ప లోకోషెడ్డు వెనక ఉన్నాడు. రెండు ఇంజన్ ఆయిల్ డబ్బాలే గోల్ స్తంభాలు. ఫిట్టర్లూ, గ్యాంగ్‌మెన్లూ అతన్ని చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకడు జంకుతూ మెల్లగా బంతి తన్నాడు. "గట్టిగా తన్నప్పా!" అని అరిచాడు వన్నూరప్ప. రెండో బంతికి పక్కకు దూకాడు. బంతి దొరకలేదు. కంకర గీసుకుని మోచెయ్యి చెక్కుకుపోయింది. అతను కింద పడినచోటే వెల్లకిలా పడుకుని నవ్వుతూ ఉండిపోయాడు. దెబ్బ తగిలిందేమోనని అందరూ పరిగెత్తి వచ్చారు.

వారం తిరక్కుండానే సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. కల్యాణమంటపంలో విచారణ జరిగింది. విరూపాక్షప్ప పక్కన సుధీంద్రరావు, ముందు నిలబడి వన్నూరప్ప.

"క్లబ్బు ప్రధాన స్థిరాస్తిని అనధికార ప్రదేశంలో, అనధికార వ్యక్తుల సమక్షంలో, ఉద్దేశపూర్వకంగా నేల మీద పడవేసినట్టు అభియోగం. ఒప్పుకుంటారా?" అని చదివాడు సుధీంద్రరావు.

"నేనే పడితిని సార్. నన్నెవురూ పడదోయలే."

"అదే అభియోగం."

వన్నూరప్ప ప్రెసిడెంటు వైపు తిరిగాడు. "పడింది నా ఒళ్లే కదన్నా. ఇంగొకరిది కాదు కదా?"

"నీ ఒళ్లని ఎవురు చెప్పినారప్పా? బ్యాంకులో తాకట్టు ఉండాది" అన్నాడు విరూపాక్షప్ప బాధగా.

వన్నూరప్పకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆటగాళ్లను హామీగా చూపి క్లబ్బు బ్యాంకు నుంచి అప్పు తెచ్చింది. ఆ డబ్బుతో మైదానం ముందు పెద్ద ఆర్చి కట్టారు. దాని మీద 'ఎర్రమెట్ట అంతర్జాతీయ క్రీడా ప్రాంగణం' అని రాయించారు. ఆర్చి వెనక మైదానం, మైదానంలో కంపచెట్లు యథాతథంగా ఉన్నాయి. మిగిలినది సలహాదారు రుసుం కింద సుధీంద్రరావుకు చెల్లించారు. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా చేతులు మారిన డబ్బు ఆ అప్పు డబ్బొక్కటే.

అప్పిచ్చిన మేనేజరు బదిలీ మీద వెళ్లిపోయి, వాసంతి అనే కొత్త మేనేజరు వచ్చారు. ఆవిడ పని పద్ధతిగా చేసే మనిషి. వాయిదాలు ఎందుకు కట్టడం లేదని అడిగితే, క్లబ్బు వందకోట్ల పైచిలుకు లాభంలో ఉందని విరూపాక్షప్ప పుస్తకం చూపించాడు. ఇందులోంచి ఒక వాయిదా కట్టండి అన్నారు ఆవిడ. ఇందులోంచి తీయడానికి రాదు మేడమ్ అన్నాడాయన. మరుసటి నెలలో జప్తు ఉత్తర్వులు వచ్చాయి.

వాసంతి గారు ఇద్దరు సిబ్బందితో బజ్జీల బండి దగ్గరకు వచ్చారు. "వన్నూరప్ప అంటే మీరేనా? క్షమించండి. జప్తు నోటీసు ఆస్తి మీద కనబడేలా అతికించాలి. నిబంధన" అన్నారు.

సిబ్బంది అతని చొక్కా వీపు మీద జిగురు రాసి కాగితం అతికించారు. వన్నూరప్ప కదలకుండా నిలబడ్డాడు. రైలు దిగిన ప్రయాణికులు బజ్జీలు తింటూ వీపు చదివారు.

"చొక్కా ఉతకల్లంటే ఎట్ల మేడమ్?" అంది తిప్పమ్మ.

"వేలం దాకా ఉతక్కండి. నీటి వల్ల నోటీసు చెడితే మళ్లీ రావాలి" అన్నారు వాసంతి గారు. ఆవిడకూ అది చెప్పడం ఇష్టం లేనట్టే ఉంది. పోతూ పోతూ రెండు ప్లేట్ల ఉగ్గాని కట్టించుకుని, చిల్లర తీసుకోకుండా వెళ్లారు.

వేలం కూడా కల్యాణమంటపంలోనే జరిగింది. జనం పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. జంక్షన్ క్లబ్బు ఆటగాళ్లను వేదిక మీద వరసగా కూర్చోబెట్టారు. అత్యంత విలువైన ఆస్తితో మొదలుపెట్టాలి గనక వన్నూరప్పను ముందుకు పిలిచారు.

"కనీస ధర పదహారు కోట్లు" అన్నారు వాసంతి గారు మైకులో.

అందరూ జిలానీ సాహెబు వైపు చూశారు. కిందటి నెలలోనే ఆయన వన్నూరప్పను ముప్పై రెండు కోట్లకు కొంటానని పేపర్లో ప్రకటించి ఉన్నాడు.

జిలానీ సాహెబు లేచి గొంతు సవరించుకున్నాడు. "పుస్తకంలో అయితే నలభై రాసుకుంటా మేడమ్. ఇప్పుడే రాసుకుంటా. చేతిలో పెట్టమంటేనే..."

"చేతిలోనే పెట్టాలండీ."

ఆయన కూర్చున్నాడు. ధర ఎనిమిది కోట్లకు దిగింది. తర్వాత కోటి. తర్వాత లక్ష. ఒక్క చెయ్యి లేవలేదు. పది వేలన్నప్పుడు వెనక ఎవరో చెయ్యెత్తారు గానీ, అది ఫ్యాను వెయ్యమని.

తన విలువ గురించి వన్నూరప్పకు ఎప్పుడూ భ్రమలేదు. రెండు కోట్లన్ననాడు నవ్వుకున్నాడు, పదహారన్ననాడు విసుక్కున్నాడు. కానీ ఇప్పుడు ఊరంతా ఎదురుగా కూర్చుని ఉంటే, అంకె కిందికి దిగుతున్నకొద్దీ అతని తల కూడా దిగసాగింది. పందొమ్మిదేళ్లు వీళ్ల ముందే దూకాడు. వీళ్ల కోసం ఒకసారి రెండు పళ్లు కూడా పోగొట్టుకున్నాడు. అతను నేల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఐదు వేలు. పోనీ, వెయ్యి. ఎవరైనా చెప్పండి, మీకు తోచింది" అన్నారు వాసంతి గారు.

"నూటపదహార్లు!"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. గుమ్మం దగ్గర తిప్పమ్మ నిలబడి ఉంది. భర్తకు అన్నం తెచ్చిన క్యారియరు ఒక చేతిలో ఉంది, రెండో చెయ్యి పైకి లేచి ఉంది.

"పాటదారు పేరు?"

"తిప్పమ్మ. బజ్జీల బండి. నగదే ఇస్తా మేడమ్, పుస్తకంలో కాదు."

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నారు. సుత్తి పడింది. తిప్పమ్మ వేదిక ఎక్కి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి నూనె మరకల నోట్లు తీసి లెక్కబెట్టి ఇచ్చింది. పన్ను ఎంత వేయాలన్న దగ్గర కాస్త ఆలస్యమైంది. వేలంలో కొన్న భర్త వస్తువు కిందికి వస్తాడా, సేవ కిందికి వస్తాడా అని పైఆఫీసుకు ఫోను చేయవలసి వచ్చింది. రెండూ కాదనీ, అది కొన్నవారి అదృష్టాన్ని బట్టి ఉంటుందనీ పైఆఫీసులో ఎవరో అన్నారట. వాసంతి గారు నవ్వకుండా, పన్ను లేకుండానే రశీదు రాసిచ్చారు.

"లెయ్. అన్నం చల్లారిపోతాంది" అంది తిప్పమ్మ.

వన్నూరప్ప లేచాడు. వీపు మీది నోటీసును ఆమే పీకి పారేసింది. చొక్కా కూడా కొంచెం చినిగింది.

ఆ నూటపదహార్లతో జిల్లా ఫుట్‌బాల్ కుప్పకూలింది. బహిరంగ మార్కెట్‌లో గోల్‌కీపరు ధర తేలిపోయింది కాబట్టి తక్కిన గోల్‌కీపర్లందరికీ అదే ధర వేయాలని ఆడిటర్లు పట్టుబట్టారు. వన్నూరప్పకే అంతే ధర పలికితే ఫార్వర్డ్‌లకు ఎంత అనే చర్చ వచ్చింది. నెలాఖరుకు అన్ని క్లబ్బులూ నష్టాల్లో తేలాయి. నియమం ప్రకారం అన్నింటినీ రెండో డివిజన్‌కు దించారు. మొదటి డివిజన్ మాత్రం అలాగే ఉంది. అందులో ఇప్పుడు ఒక్క నష్టాల క్లబ్బు కూడా లేదని, ఇది చారిత్రకమైన మెరుగుదల అని సంఘం కార్యదర్శి సర్క్యులర్ పంపాడు. సుధీంద్రరావును ఒక విశ్వవిద్యాలయం పిలిపించుకుంది. అక్కడి ప్రొఫెసర్లను పక్క విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లతో మార్చే పనిలో ఉన్నాడని విన్నాం.

తిప్పమ్మ రేషన్ కార్డు కోసం మళ్లీ వెళ్లింది. ఇంట్లోని ఆస్తి విలువ నూటపదహార్లకు పడిపోయింది గనక అర్హురాలివేనని ఆ ఉద్యోగి సంతోషంగా చెప్పాడు. తర్వాత కంప్యూటర్లో ఇంకో గడి చూసి మొహం వేలాడేశాడు. బ్యాంకు వేలాల్లో ఆస్తులు కొనే స్తోమత ఉన్నట్టు కొత్తగా నమోదైందట. అప్పీలు చేసుకోవచ్చన్నాడు.

ఆటగాళ్లకు వెల లేకుండా పోయింది కాబట్టి ఆడవద్దనేవాళ్లు కూడా లేకుండా పోయారు. శ్రావణమాసంలో ఒక ఆదివారం జంక్షన్ వాళ్లూ, పాతూరు వాళ్లూ మ్యాచ్ పెట్టుకున్నారు. విరూపాక్షప్ప కంపచెట్లు కొట్టించాడు. జిలానీ సాహెబు సొంత డబ్బుతో బంతి కొన్నాడు. ఒక్క చిక్కు మిగిలింది. ఆటగాడు మైదానంలో దిగాలంటే యజమాని అనుమతి ఉండాలన్న నిబంధనను సంఘం ఇంకా ఎత్తేయలేదు. వన్నూరప్ప బండి దగ్గరకు వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏమి?"

"ఆదివారం మ్యాచ్ ఉండాది. నువ్వు సరే అనల్లంట."

"ఆడుకోపో. ఉల్లిగడ్డలు తరిగిపెట్టి పో" అంది తిప్పమ్మ. మళ్లీ తనే, "నేనూ వస్తా. నూటపదహార్లు పెట్టినా కదా, ఏమి కొన్నానో చూసుకోవద్దా?" అంది.

ఆ ఆదివారం ఆమె మొదటిసారి బండి మూసేసింది. మైదానం గట్టు మీద ఆడవాళ్ల మధ్య కొంగు బిగించి కూర్చుంది. వన్నూరప్ప గోల్ ముందు నిలబడ్డాడు. మొదటి అరగంటలో మూడు గోల్స్ పడ్డాయి. ఒకటి కాళ్ల సందులోంచి పోయింది. నాలుగేళ్ల కుర్చీ అతని నడుములో పేరుకుపోయింది. మోకాలు మాటిమాటికీ పట్టేస్తోంది. జనం కేకలు వేశారు. "ముసిలోడా, కుర్చీ తెప్పియ్యాల్నా?" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. వన్నూరప్ప కూడా నవ్వాడు. నాలుగేళ్లలో తనను తిట్టినవాడు ఆ అరిచిన మనిషొక్కడే.

ఆట ముగియబోతుండగా పాతూరుకు పెనాల్టీ వచ్చింది. తన్నడానికి వచ్చినవాడు కుర్రవాడు, బలంగా ఉన్నాడు. వన్నూరప్ప రెండు చేతులూ చాపి, కొంచెం ముందుకు వంగి నిలబడ్డాడు. తిప్పమ్మకు ఆ నిలబడటం కొత్తగా కనబడింది. ఇంట్లో ఇలా ఎప్పుడూ నిలబడడు. ఆమె తెలియకుండానే లేచి నిలబడింది.

ఈల మోగింది. బంతి ఎడమ మూలకు పోయింది. వన్నూరప్ప నేల విడిచాడు. నలభై ఏళ్ల శరీరం గాలిలో అడ్డంగా, ఆమె ఊహించనంత పొడుగ్గా సాగింది. వేళ్ల చివర్లు బంతిని తాకాయి. బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది. అతను బురదలో బోర్లా పడ్డాడు.

గట్టు మీద జనమంతా అరుస్తున్నారు. జంక్షన్ వాళ్లు ఎలాగూ ఓడిపోయారు, ఆ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. బురద మొహంతో లేచిన వన్నూరప్ప మొదట గట్టు వైపే చూశాడు.

తిప్పమ్మ పక్కన కూర్చున్న పాతూరు ఆవిడ ఆమె మోచెయ్యి పట్టుకుని ఊపింది. "ఎట్ల దూకినాడు చూస్తివా! ఎవురక్కా ఆయన, మీ ఇంటాయనా?"

"ఊఁ, కొనుక్కున్నా" అంది తిప్పమ్మ కళ్లు తుడుచుకుంటూ.